వాసన ఆగిపోతే

ఫిబ్రవరి 9, సోమవారం

అబ్బాయి దగ్గు ఎలా ఉంది? తగ్గిపోయిందంటాడు, పొద్దున స్నానాలగదిలోంచి వినపడుతూనే ఉంది. చిన్నదాని పన్ను ఎలా ఉంది? కదులుతోంది, ఊడలేదు. వేలుపెట్టి కదపకే అంటే నా మనవరాలు వినదు. ఎదురింటావిడ, అదే మా వీధి రేడియో, నడుమునొప్పి ఎలా ఉంది? నొప్పి నొప్పిలాగే ఉంది, నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు. కోడలికెలా ఉంది? ఒంట్లో ఏమీ లేదు. నిద్రే లేదు. ఇక నాకెలా ఉందని ఎవరూ అడగరు. అడిగితే పొద్దుపోయేదాకా చెబుతానని భయం.

అందుకే ఈ డైరీ. డాక్టరమ్మ ఇచ్చింది. "మామ్మగారూ, బెంగలన్నీ ఇందులో రాసెయ్యండి. రాసినవి మళ్ళీ ఇంట్లోవాళ్ళని అడగొద్దు. మీకూ బీపీ తగ్గుతుంది, వాళ్ళకీ తగ్గుతుంది" అంది. అట్ట మీద ఎర్రటి గుండె బొమ్మ, దాని కింద ఏదో మాత్ర పేరు ఉన్నాయి. నేను చదివింది ఐదో తరగతి. ఒత్తులు తప్పితే తప్పాయి, ఎవరు చూడొచ్చారు.

ఇది రాస్తూ లేచి వెళ్ళి స్టవ్ వాసన చూసి వచ్చాను. కట్టేసే ఉంది.

ఫిబ్రవరి 12, గురువారం

సాయంత్రం బీన్స్ తరుగుతూ కోడలు తన గ్యాసు బావి సంగతి చెప్పింది. ఈ ఇంట్లో ఆ కథ వినేది నేనొక్కదాన్నే. అబ్బాయి బళ్ళో లెక్కలు చెప్పి చెప్పి వస్తాడు, "మళ్ళీ బావేనా" అని పేపరు అడ్డం పెట్టుకుంటాడు. నాకు సగం అర్థం కాదు. అయినా వింటాను. వింటుంటే ఆమె చెయ్యి నెమ్మదిస్తుంది, ముఖం విప్పుకుంటుంది.

తవ్వేవాళ్ళు మైళ్ళ లోతు తవ్వేసి వెళ్ళిపోతారట. తవ్వడం అయ్యాక ఇంకా పూర్తి చెయ్యడమేమిటని కొత్తలో అడిగాను. "తవ్వితే అది కన్నమే అత్తయ్యా. ఆ కన్నాన్ని బావిగా చేసేది మేము" అంది. లోపలికి ఏ పైపు దించాలి, ఆ పైపుకీ చుట్టూ ఉన్న గోడకీ మధ్య సందుని ఎక్కడ బిగించాలి, అంత వేడికి ఏ రబ్బరు ఆగుతుంది, పైన ఏ ఉపద్రవం వచ్చినా లోపలే తనంతట తాను మూసుకుపోయే తలుపు ఎంత లోతులో పెట్టాలి, అన్నీ ఆమే గీస్తుంది. చిన్నది బళ్ళో చేరిన ఏడాది నుంచీ ఆ ఒక్క బావి మీదే ఉంది. కంపెనీది అనదు. నా బావి అంటుంది.

అందులో వచ్చే గ్యాసు పుల్లదట.

"పులుపేమిటే, నిమ్మకాయా?" అన్నాను.

పడీ పడీ నవ్వింది. గ్యాసులో తీపిదీ పుల్లదీ అని ఉంటాయట. పుల్లదాంట్లో విషం కలిసి ఉంటుందట. కుళ్ళిన కోడిగుడ్డు వాసనట. నా ప్రాణాలు సగం అక్కడే పోయాయి.

"వాసన వస్తున్నంతసేపూ నయమే అత్తయ్యా, పరిగెత్తడానికి టైముందన్నమాట. మోతాదు పెరిగితే ముందు ముక్కుని చంపేస్తుంది. వస్తున్న వాసన ఉన్నట్టుండి ఆగిపోయిందనుకోండి, అప్పుడే భయం."

"నువ్వు అక్కడికి వెళ్ళకే తల్లీ."

"నేను ఆఫీసులో బొమ్మలు గీసుకునేదాన్ని. నాకేమవుతుంది? నా భయమంతా పైపు గురించే."

ఆమె మీద ఒక పెద్దాయన ఉన్నాడు. ఏమడిగినా చూద్దాం అంటాడట. మేమిద్దరం ఆయన్ని చూద్దాంగారు అనే పిలుచుకుంటాం. ఆయనకి గట్టి ఉక్కు పైపు కావాలి. కింద ఒత్తిడి ఎక్కువట, గట్టిదైతే పల్చగా ఉన్నా తట్టుకుంటుందట, తొందరగా దొరుకుతుందట. కోడలేమో మెత్తటి ఉక్కే వేద్దాం, మందంగా వేద్దాం అంటోంది.

"గట్టిదే మంచిది కదుటే?"

"అందరూ అదే అంటారు. ఈ విషం ఉక్కులోకి కూడా దూరుతుందత్తయ్యా. మెత్తటిది కాస్త సర్దుకుంటుంది. గట్టిదానికి సర్దుకోవడం రాదు. చెప్పాపెట్టకుండా ఫట్‌మంటుంది."

"ఆ మాత్రం ఆయనకి తెలీదూ?"

"అంత వేడిలో పగలదంటాడు. అదీ నిజమే. కానీ ఎప్పుడో ఒకప్పుడు మరమ్మతుకి బావిని మూస్తాం కదా. అప్పుడు పైభాగం చల్లబడుతుంది. చల్లబడ్డాకే పగులుతుంది."

అందుకని గట్టి ఉక్కు ముక్కల్ని ల్యాబులో ఆ విషం కలిపిన నీళ్ళలో వేసి, రెండు కొసలూ లాగి పట్టి ఉంచారట. నెల పడుతుందట. పగిలితే కోడలి మాట నెగ్గుతుంది. పగలకపోతే చూద్దాంగారి పైపు దిగుతుంది.

"నా బావిలోకి పగిలే పైపు దింపి నేను నిద్రపోలేనత్తయ్యా" అంది. తర్వాత గిన్నె తీసుకుని లేస్తూ, "ఇవి ఆఫీసు మాటలు, బయట అనకండేం" అంది.

నేనెవరితో అంటాను!

ఫిబ్రవరి 20, శుక్రవారం

చిన్నదాని పన్ను ఊడింది. మింగేసిందేమోనని మధ్యాహ్నమంతా నా గుండె నా దగ్గర లేదు. దిండు కింద దొరికింది.

కోడలు భోజనం దగ్గర ఫోను పక్కనే పెట్టుకుని కూర్చుంటోంది. ల్యాబునుంచి కబురు రాలేదు.

మార్చి 3, మంగళవారం

పెద్ద బెంగే వచ్చిపడింది. రాస్తే తగ్గుతుందని రాస్తున్నాను.

ఈ వేళ కోడలు మధ్యాహ్నమే ఇంటికొచ్చింది, తలనొప్పని. గదిలో పడుకుంది. నేను టీ పెడుతున్నాను. ఫోను మోగింది. తలుపు సగం తీసే ఉంది.

"పగిలిందా? నిజంగానా? ఎక్కడ, మధ్యలోనా?" అంటోంది. గొంతు ఎవరిదోలా ఉంది. వెళ్ళి చూద్దును కదా, నేలమీద కూలబడి రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడుస్తోంది. "ఏమైందే?" అన్నాను. "పగిలిందత్తయ్యా, వచ్చి చెబుతాను" అని చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఆఫీసుకి పరిగెత్తింది. టీ అలాగే ఉండిపోయింది.

పైపు పగిలింది. విషం బయటికొచ్చేసింది. ఎదురింటి రేడియో మొగుడు ఆ బావి దగ్గరి క్యాంపులోనే క్రేను నడుపుతాడు. ఇద్దరు పిల్లలవాడు, అంత ఎత్తున కూర్చుని ఉంటాడు. నా కాళ్ళు ఆగలేదు. ఎదురింటికి వెళ్ళి, క్రేనాయన ఎలా ఉన్నాడమ్మా అని అడిగి వచ్చాను.

అడిగి వచ్చాను, అంతే.

అదే రోజు, మళ్ళీ

దీపాలు పెట్టే వేళకి కోడలు వచ్చింది. వస్తూనే నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. "నెగ్గాం అత్తయ్యా! ముక్క పగిలింది! నెల కూడా పట్టలేదు!"

"ముక్కా?" అన్నాను.

"ల్యాబులో ముక్క. చెప్పాను కదా. చూద్దాంగారు కూడా ఇక చూద్దాం అనలేదు. మెత్తటి పైపుకే కాగితం పెడతానన్నాడు."

ఏడ్చింది సంతోషంతోనట. వెంటనే ఎదురింటికి వెళ్ళి, అమ్మాయ్, అది ముక్కేనట, పైపు కాదట అని చెప్పి రావాలి. చెప్పులు వేసుకున్నాను కూడా. ఇంతలో కోడలి ఫోను మోగింది. క్యాంపునుంచి.

మార్చి 4, బుధవారం

పైపు పగిలిందని క్యాంపులో ఎవరో పుట్టించారట. అసలు బావిలో పైపే దిగలేదు. తవ్వి, మూతపెట్టి ఉంచారు. కానీ పక్కనే పాత బావులున్నాయి కదా, వాటిల్లో దేని పైపో అనుకుని జనం మాస్కుల కోసం ఒకరినొకరు తోసుకుని, గుట్టెక్కేశారట. క్రేనాయన మెట్లు దిగే ఓపిక లేక పైనుంచి దూకేశాడు. తొడ ఎముక విరిగింది.

భగవంతుడా, ఎముక ఒక్కటే. ఎముక అతుక్కుంటుంది.

పుట్టించినవాళ్ళెవరో తెలీదట.

మార్చి 6, శుక్రవారం

కంపెనీవాళ్ళు ముగ్గురు కూర్చుని కోడల్ని అడిగారట. పరీక్ష ఫలితం ఆ పూట తెలిసింది నీకూ ల్యాబు అమ్మాయికీ మాత్రమే, క్యాంపుకి ఎలా వెళ్ళింది అని. ఇంట్లో ఫోనులో గట్టిగా మాట్లాడాను, తప్పు నాదే అని చెప్పి వచ్చిందట.

అన్నం దగ్గర అబ్బాయి ఊరుకోలేదు. "గట్టిగా మాట్లాడితే వీధిలోకి వినపడుతుందా? ఎవరో చెబితేనేగా వెళ్ళేది. అమ్మా, నువ్వేమైనా అన్నావా?"

కోడలు తల దించుకుని అన్నం కలుపుతోంది.

"నేనా? నాకేం తెలుసురా. రేడియో ఏమైనా తలుపు దగ్గర విన్నదేమో" అన్నాను.

అలా అనాలనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది. ఆవిడ వచ్చి ఉండవచ్చు కూడా. గిన్నె కోసమో దేనికోసమో రోజూ వస్తూనే ఉంటుంది. వచ్చి ఉండవచ్చు.

మార్చి 7, శనివారం

అబ్బాయి రేడియోని గేటు దగ్గర నిలదీశాడు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను.

"మా ఇంట్లో మాటలు వినడం, ఊరంతా చాటడం! మా ఆవిడ ఉద్యోగం మీదికి తెచ్చారు" అన్నాడు. వాడు గొంతు పెంచితే దగ్గు వస్తుంది, ఇదంతా దగ్గుతూనే అన్నాడు.

"నేను తలుపుల దగ్గర నక్కి వినే మనిషినా మాస్టారూ? మా ఆయన కాలు విరిగి ఆసుపత్రిలో పడి ఉంటే నన్నే అంటారా? నాకు తెలిస్తే చెబుతాను, ఒప్పుకుంటాను. నాకెవరు చెప్పారో అడగండి" అంటూ నా వైపు చూసింది.

నేను కొంగుతో ముఖం తుడుచుకున్నాను. కంట్లో ఏదో పడింది.

అబ్బాయి లోపలికి వెళ్ళాక ఆవిడ గేటు తీసుకుని వచ్చింది. నెమ్మదిగా అడిగింది. "పిన్నిగారూ, మీరేగా వచ్చి చెప్పింది?"

"నేనెప్పుడు చెప్పానమ్మా? మీ ఆయన ఎలా ఉన్నాడని అడిగానంతే."

ఈ వీధిలో ఆవిడ నోరు మూతపడగా ఎవరూ చూడలేదు. నేను చూశాను. గేటు కూడా చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయింది.

మార్చి 9, సోమవారం

ఎలా ఉన్నాడని అడిగాను. పైపు అని ఒక్కసారి అన్నానేమో. అంతే.

మార్చి 15, ఆదివారం

కోడల్ని బావి పనిలోంచి తీసేశారు.

ఆమె పట్టుబట్టి చేయించిన పరీక్ష కాబట్టీ, కబురు ముందే బయటికి పొక్కింది కాబట్టీ ఆ ఫలితం చెల్లదట. కొత్త ముక్కలతో వేరే ల్యాబులో మళ్ళీ చేస్తారట. అది తేలేదాకా ఏ పైపూ దిగదు. బొమ్మలన్నీ చూద్దాంగారు వేరే కుర్రాడికి ఇప్పించేశాడు. కోడల్ని క్యాంపులో పైపుల యార్డుకి వేశారు. లారీల మీద వచ్చిన పైపుల్ని గీతలు పడ్డాయా, ఒకదానికొకటి బిగించే మర బాగుందా అని చూసి లోపలికి పంపే పని. నెలకో రెండు నెలలకో ఇంటికి రావడం.

ఇంతకీ ఆ క్యాంపుకే వెళుతోంది. నేను వద్దన్న చోటికే.

పెట్టె సర్దుతుంటే దగ్గర కూర్చున్నాను. స్వెట్టరు పెట్టుకో అన్నాను. పెట్టుకుంది. దుప్పటి పెట్టుకో అన్నాను. పెట్టుకుంది. చెబుదామనే కూర్చున్నాను. నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో చిన్నది వచ్చి వాళ్ళమ్మ ఒళ్ళో పడుకుంది. పిల్ల ముందు ఎలా చెప్పను?

"అక్కడ భోజనం బాగుంటుందా?" అన్నాను.

"బాగుంటుందత్తయ్యా" అంది.

తన పెన్సిళ్ళ డబ్బా అబ్బాయి బల్ల మీద పెట్టి వెళ్ళింది. యార్డులో పెన్సిళ్ళతో పని లేదట.

మార్చి 24, మంగళవారం

రోజూ ఫోను చేస్తుంది. అబ్బాయితో మాట్లాడుతుంది, చిన్నదానితో మాట్లాడుతుంది. నాతో కూడా మాట్లాడుతుంది. మందులు వేసుకున్నారా, వేసుకున్నాను. నిద్ర పట్టిందా, పట్టింది. అంతే. బావి మాట లేదు, పైపు మాట లేదు. చూద్దాంగారి మాట నేనే ఎత్తాను. "ఆయన బాగానే ఉన్నారత్తయ్యా" అంది.

బీన్స్ తెప్పించడం మానేశాను. అబ్బాయికి పడవని చెప్పాను.

మార్చి 30, సోమవారం

ఇంట్లో వాసన ఆగిపోయింది.

ఏప్రిల్ 2, గురువారం

చిన్నది అడిగింది, "నాన్నమ్మా, అమ్మని ఎవరు పంపేశారు?" అని.

"కంపెనీవాళ్ళమ్మా."

"ఎందుకు?"

"ఎవరో ఏదో అన్నారట."

"ఎవరో అంటే ఎవరు?"

స్టవ్ కట్టేశానో లేదో చూసి వస్తానని లేచాను.

ఏప్రిల్ 19, ఆదివారం

క్రేనాయన్ని ఆసుపత్రినుంచి ఇంటికి తెచ్చారు. చూడకపోతే బాగుండదు. అబ్బాయి రానన్నాడు. నాలుగు పళ్ళు తీసుకుని నేనే వెళ్ళాను. రేడియో కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది, లోపలికి వెళ్ళిపోయింది. ఆయన మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. కట్టు మీద పిల్లలు పువ్వులూ కుక్కపిల్లా గీశారు. మనిషి నవ్వుతూనే ఉన్నాడు.

"దూకమని ఎవరైనా చెప్పారా నాయనా?" అన్నాను.

"నవ్వకండి మామ్మగారూ, నన్ను కోతిలా ఆడించింది ఒక్క మాట. పైపు పగిలిందని ఈవిడ ఫోను చేస్తే ముందు నేను నమ్మలేదు. ముక్కు ఎగబీల్చి చూశాను. ఏ వాసనా లేదు. 'వాసనేమీ రావట్లేదు, పోవే' అన్నాను. 'వాసన రాకపోతేనే భయమట, ముక్కు చచ్చిపోతుందట, ఇంజనీరమ్మగారింట్లో చెప్పారు' అంది. ఇక చూస్కోండి. ఎంత పీల్చినా వాసన లేదు. అయిపోయాం అనుకున్నా. కిందవాళ్ళకి అరిచి చెప్పి దూకేశా. వాళ్ళూ పీల్చారు, వాళ్ళకీ వాసన లేదు. ఒక్కొక్కడూ చచ్చిపోయాననే అనుకుని పరిగెత్తాడు!"

పొట్ట పట్టుకుని నవ్వాడు. కాలు కదిలి అబ్బా అన్నాడు. మళ్ళీ నవ్వాడు. "ఆ వారమే ఎంక్వైరీవాళ్ళు ఆసుపత్రికొస్తే వాళ్ళకీ ఇదే చెప్పా. ఇంజనీరమ్మగారు పక్కనే ఉన్నారు పాపం. వినగానే ఆవిడ ముఖం తెల్లబోయింది."

మంచినీళ్ళ గ్లాసు అలాగే పెట్టేసి ఇంటికొచ్చేశాను.

వస్తున్న వాసన ఆగిపోతే భయం. ఆ పిల్ల చెప్పింది అది. అందులో 'వస్తున్న' అన్న మాట నేను మింగేశాను. వాసన రాకపోతేనే భయమని చెప్పి వచ్చాను. గాలి శుభ్రంగా ఉన్నచోట కూడా ఏ వాసనా రాదు కదా. మంచి గాలిని చూసి అంతమంది పరిగెత్తారు.

ఆ మాట ఆమె ఈ లోకంలో చెప్పింది నాకొక్కదానికే. బీన్స్ తరుగుతూ.

అంటే ఎంక్వైరీ రోజే ఆమెకి తెలుసు. అన్నం దగ్గర నేను రేడియో పేరు చెప్పినప్పుడు తెలుసు. తల దించుకుని కలుపుతూ కూర్చుంది. దుప్పటి పెట్టుకో అంటే పెట్టుకుంది.

ఏప్రిల్ 20, సోమవారం

పైపు పగిలిందని నేనే వెళ్ళి చెప్పాను. వాసన మాటా నేనే చెప్పాను. అక్కడికి వెళ్ళి అడిగింది ఏమీ లేదు, అంతా చెప్పడమే.

ఏప్రిల్ 27, సోమవారం

రెండో పరీక్ష తేలింది. కొత్త ముక్కలు కూడా పగిలాయి. ఒకటి కాదు, అన్నీ. కోడలే ఫోనులో చెప్పింది. అబ్బాయి బడికి వెళ్ళాడు, ఇంట్లో నేనే ఉన్నాను.

"మెత్తటి పైపే దించుతారు అత్తయ్యా, మందంగా. నేను గీసినట్టే."

"నిన్ను వెనక్కి పిలుస్తారా మరి?"

"లేదు. ఆ కుర్రాడే చూసుకుంటాడు. బాగానే చేస్తాడు. పైపులు వచ్చాక ముందు నా చేతిమీదుగానే వెళతాయిగా. ఆ బావిలోకి ఒక్క గీత ఉన్న పైపు కూడా పోనివ్వను."

ఆ బావి అంది. ఇన్నేళ్ళలో ఆ నోటివెంట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

"ఆ రోజు..." అన్నాను. "ఆ రోజు నేను..."

"తెలుసత్తయ్యా."

ఫోనులో వెనక లారీ ఏదో వెనక్కి వస్తున్న చప్పుడు. అది ఆగాక నేనే అడిగాను.

"మరి వాళ్ళడిగితే నా పేరు చెప్పలేదేమే?"

"చెబితే మిమ్మల్ని పిలిపించి కూర్చోబెట్టి అడుగుతారు. మీకు బీపీ."

"మీ ఆయన అడిగినప్పుడైనా..."

"మీరు చెబుతారనుకున్నాను" అంది. "నాకు కోపం రాలేదనుకోకండి. వచ్చింది. ఇంకా ఉంది. పైపుల లెక్క చూస్తుంటే కాస్త నెమ్మదిస్తోంది."

తిట్టవే అన్నాను. తిట్టలేదు. "టీ తాగారా?" అని అడిగింది.

మే 3, ఆదివారం

అబ్బాయికి చెప్పాను. వాడు చాలాసేపు చొక్కా గుండీ ఒకటి పెట్టుకుంటూ తీసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత లేచి ఎదురింటికి వెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను. రేడియో వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. వాడు "క్షమించండి" అని ఒక్క ముక్క అన్నాడు, దగ్గు అందుకుంది. మిగతాది నేనే చెప్పాను.

"నేనే వచ్చి చెప్పాను. నేనే చెప్పలేదన్నాను. నీ మీదికి నెట్టాను. అమ్మాయ్, ఈ సంగతి వీధంతా చెప్పు. కూరగాయలవాడికి చెప్పు, ఇస్త్రీ అతనికి చెప్పు, నీకు ఫోనుల్లో ఎంతమంది ఉన్నారో అందరికీ చెప్పు. ఈ ఒక్కసారి నీ నోటికి అడ్డులేకుండా చెప్పు."

ఆవిడ దుప్పటి పిండి, దులిపి, రెండు కొసలూ సరిచేసి తీగ మీద వేసింది.

"కాళ్ళ నొప్పులతో అంతసేపు నిలబడకండి పిన్నిగారూ, ఇంటికెళ్ళండి" అంది.

మే 9, శనివారం

ఎవరూ ఏమీ అనరు. కూరగాయలవాడు మామూలుగానే మామ్మగారూ అని పిలుస్తున్నాడు. ఇస్త్రీ అతను మీ కోడలుగారు ఎప్పుడొస్తారని అడిగాడు. వీధిలో ఒక్కరికీ తెలీదు.

రేడియో ఎవరికీ చెప్పలేదు.

చెప్పి ఉంటే తల దించుకుని తిరిగేదాన్ని, ఒక వారానికి పాతబడిపోయేది. ఇప్పుడు రోజూ ఆవిడ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకుంటూ కనిపిస్తుంది. ఎదురుగా నేను. మధ్యలో వీధి.

మే 10, ఆదివారం

కోడలు ఫోను చేసింది. క్యాంపులో నెలకొకసారి కుటుంబాల్ని రానిస్తారట, రమ్మంది. మాస్కు ఎలా తొడుక్కోవాలో గేటు దగ్గరే నేర్పిస్తారట, అది నేర్చుకుంటేగాని లోపలికి పంపరట. "ఊపిరాడదని కంగారుపడకండి, మీకు నేనే తొడుగుతాను" అంది. పైపులు యార్డులో దిగాయట. దూరంనుంచి చూపిస్తానంది. ఎన్ని పైపులు, ఎంత మందం, పైపుకీ పైపుకీ మధ్య మర ఎలా ఉందో, కాస్త కాస్త చెప్పింది. నేను ఏమీ అడగలేదు. మళ్ళీ ఆగిపోతుందేమోనని.

రేడియోని కూడా తీసుకురమ్మంది. క్రేనాయన అక్కడ మళ్ళీ డ్యూటీలో చేరేది వచ్చే నెల. ఈలోగా ఆ క్రేను ఎంత ఎత్తో ఆవిడ ఒకసారి చూస్తే మంచిదట. అడిగితే వస్తుందా? నేను అడగాలి. అబ్బాయిని అడగమనకూడదు.

అబ్బాయి దగ్గు ఎలా ఉందంది. తగ్గుముఖం పట్టింది. చిన్నదాని పన్ను వస్తోందా అంది. మొన వచ్చింది, తెల్లగా. క్రేనాయన కాలు? కర్ర పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళి వస్తున్నాడు.

"మీకెలా ఉంది అత్తయ్యా?" అంది.

పొద్దుపోయేదాకా చెప్పేదాన్ని ఒకప్పుడు.

"బాగానే ఉన్నానమ్మా" అన్నాను.

పదిహేడో తారీకు, ఆదివారం, పొద్దున మొదటి బస్సుకి ప్రయాణం.